హెరాల్డ్ పింటర్, అబ్సర్డ్ నాటకం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఏ ఇంగ్లీష్ విద్యార్థులు, నెట్, సెట్ రాసేవాళ్ళు, అప్పుడప్పుడూ నాటకాలు వేసే మిత్రులు పింటర్ గురించి అడిగే సందేహాలు ఏటా దాదాపు అవే. ఒక్కొక్కరికీ విడిగా రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే.

## మొదలుపెట్టే ముందు

పింటర్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

1930 అక్టోబర్ 10న తూర్పు లండన్‌లోని హాక్నీలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఆడవాళ్ళ బట్టలు కుట్టే దర్జీ. యుద్ధకాలంలో పిల్లల్ని లండన్ దాటించినప్పుడు కొన్నాళ్ళు కార్న్‌వాల్‌లో ఉన్నాడు. పద్దెనిమిదేళ్ళ వయసులో సైన్యంలో చేరనని మొండికేశాడు. కోర్టు రెండుసార్లు జరిమానా వేసినా మాట మార్చుకోలేదు. డేవిడ్ బేరన్ అనే పేరుతో ఊరూరా తిరిగే నాటక కంపెనీల్లో నటుడిగా పనిచేశాడు. 1957లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక మిత్రుడు అడిగితే మొదటి నాటకం ‘ది రూమ్’ రాశాడు. 2005లో నోబెల్ వచ్చింది. 2008 డిసెంబర్ 24న పోయాడు.

ఇందులో గుర్తుంచుకోవాల్సింది నటుడన్న సంగతి. చవకబారు లాడ్జింగ్ గదులు, సద్ది వాసన కొట్టే భోజనాలు, పక్కవాడి బతుకులోకి తొంగిచూసే ఇంటి ఓనర్లు, ఇదంతా ఆయన తిరిగి చూసిన లోకమే.

అబ్సర్డ్ నాటకం అంటే అర్థం పర్థం లేని నాటకమా?

కాదు. మనిషి లోకాన్ని అర్థం అడుగుతాడు, లోకం పలకదు. ఆ రెంటి మధ్య ఉన్న ఎడాన్ని అబ్సర్డ్ అంటూ ఆల్బేర్ కామూ 1942లోనే ఒక వ్యాసగ్రంథం రాశాడు. నాటకాలకి ఆ పేరు అతికించినవాడు మార్టిన్ ఎస్లిన్, 1961లో వచ్చిన తన విమర్శ గ్రంథంలో. బెకెట్, అయొనెస్కో, ఆదమోవ్, జెనే లాంటివాళ్ళని ఒక గొడుగు కిందికి తెచ్చాడు. వాళ్ళేమీ కలిసి ఉద్యమం నడపలేదు. మేనిఫెస్టో కూడా లేదు.

కామూ, సార్త్ర్ కూడా నాటకాలు రాశారు కదా అని అడుగుతారు. వాళ్ళ పాత్రలు బతుకు అర్థరహితమని చక్కటి తర్కంతో వాదిస్తాయి. బెకెట్ పాత్రలు వాదించవు, చెట్టు కింద నిలబడి బూట్లు విప్పుకుంటాయి. చెప్పదలుచుకున్నది నాటకం ఆకారంలోనే ఉంటుంది. కథ ముందుకి కదలదు, మనిషి ఎక్కడినుంచి వచ్చాడో తెలీదు, మాట అవతలివాడికి చేరదు.

మరి పింటర్ అబ్సర్డిస్టేనా? ఒక గైడ్‌లో అవునని, ఇంకో దాంట్లో కాదని ఉంది.

సగం అవును. ఎస్లిన్ తన పుస్తకంలో పింటర్‌కీ చోటిచ్చాడు కాబట్టి పరీక్షలో అలా రాస్తే మార్కులకి ఢోకా లేదు. కానీ నాటకం చదువుతున్నంతసేపూ ఆ లేబుల్ అడ్డం పడుతుందని నా అభిప్రాయం.

బెకెట్ ‘వెయిటింగ్ ఫర్ గోడో’లో ఒక రోడ్డు, ఒక చెట్టు. అది ఏ దేశమో చెప్పక్కర్లేదు. పింటర్ గది అలా ఉండదు. అందులో కార్న్‌ఫ్లేక్స్ ఉంటాయి, షిల్లింగ్ వేస్తే తప్ప వెలగని గ్యాస్ మీటర్ ఉంటుంది, కప్పు కారుతుంటే కింద వేలాడదీసిన బకెట్ ఉంటుంది. మనుషులు మాట్లాడేది కూడా లండన్ బస్సుల్లో వినబడే మాటే. వాళ్ళ మాటలు ఒకరికొకరికి చేరకపోవడం కాదు సమస్య, మరీ బాగా చేరిపోతాయి. అందుకే తప్పించుకోవడానికి ఇంకో మాట అడ్డం వేస్తారు. మనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోలేరు అనే వాక్యం పింటర్ మీద రాసిన ప్రతి జవాబులోనూ కనిపిస్తుంది. దాన్ని కొట్టేసి, ఈ గదిలో ఎవరికేం కావాలి, దానికోసం ఏ మాట వాడుతున్నారు అని చూడండి. నాటకం చిక్కు చాలావరకు విడిపోతుంది.

ఏ నాటకంతో మొదలుపెట్టాలి?

‘ది డంబ్ వెయిటర్’. ఏకాంకిక, ఇద్దరే మనుషులు, ఒక్క కూర్చోవడంలో అయిపోతుంది. నవ్వు వస్తుంది, భయమూ వేస్తుంది. తర్వాత ‘ది బర్త్‌డే పార్టీ’, ఆపైన ‘ది కేర్‌టేకర్’. ‘నో మ్యాన్స్ ల్యాండ్’తో మాత్రం మొదలుపెట్టకండి, విసుగొచ్చి పుస్తకం మూసేస్తారు.

ముందు బెకెట్‌ని చదవాలా?

తప్పనిసరేం కాదు. పింటర్‌కి మాత్రం బెకెట్ అంటే ప్రాణం. నాటకాలు మొదలుపెట్టక ముందే ఆయన నవలలు చదివాడు. తర్వాత స్నేహం కుదిరి, రాసిన నాటకాలు ఆయనకి పంపి అభిప్రాయం అడిగేవాడు. 2006లో ఒంట్లో బాగోలేకపోయినా, లండన్ రాయల్ కోర్ట్ థియేటర్‌లో బెకెట్ ‘క్రాప్స్ లాస్ట్ టేప్’ని చక్రాల కుర్చీలో కూర్చుని నటించాడు.

## చదువుతున్నప్పుడు

‘ది బర్త్‌డే పార్టీ’లో స్టాన్లీ చేసిన తప్పేంటి? ఆ వచ్చిన ఇద్దరూ ఎవరు?

అందరికంటే ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. నాటకంలో జవాబు లేదు. గైడ్లలో రాసినట్టు గోల్డ్‌బర్గ్ అంటే మతం, మెకాన్ అంటే రాజ్యం అని ఖాయం చేసేస్తే నాటకం చప్పబడిపోతుంది.

ఉన్నదేంటో చూద్దాం. సముద్రం ఒడ్డున ఒక పాత బోర్డింగ్ హౌస్. నడిపేది మెగ్, ఆమె భర్త పీటీ. అందులో అద్దెకున్న ఒకే ఒక్క మనిషి స్టాన్లీ. ఒకప్పుడు పియానో వాయించేవాణ్ణంటాడు. కోటు, టై వేసుకున్న ఇద్దరు దిగుతారు. ఈరోజు నీ పుట్టినరోజు అంటుంది మెగ్. కాదంటాడు స్టాన్లీ. అయినా పార్టీ జరుగుతుంది. మెగ్ అతనికి పిల్లలు వాయించుకునే బొమ్మ డ్రమ్ము బహుమతిగా ఇస్తుంది. అతను దాన్ని మెడలో వేసుకుని మెల్లగా వాయిస్తూ వాయిస్తూ చివరికి ఊగిపోతూ బాదేస్తాడు. ఆ ఒక్క చోటే తెలిసిపోతుంది, వీడు విరిగిపోబోతున్నాడని.

ఇక ఆ విచారణ. కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరూ రెండువైపుల నుంచీ ప్రశ్నలు కురిపిస్తారు. భార్యని ఎందుకు చంపావు అంటారు. పెళ్ళే కాలేదంటే, పెళ్ళి ఎందుకు చేసుకోలేదు అంటారు. కోడి ముందా గుడ్డు ముందా అని కూడా అడుగుతారు. ప్రశ్నలకి ఒకదానితో ఒకటి పొంతన లేదు, అవసరం కూడా లేదు. ఏ జవాబు చెప్పినా తప్పేనని స్టాన్లీకి తెలియజెప్పడమే వాళ్ళ పని. మర్నాడు గడ్డం గీసి, శుభ్రంగా సూట్ తొడిగి కార్లో ఎక్కించుకుపోతారు. అప్పటికి అతనికి నోట మాట రాదు.

నేరం ఏమిటో తెలిస్తే మనం తీర్పు చెప్పేసి ఊరుకుంటాం. తెలియదు కాబట్టే స్టాన్లీ కుర్చీలో మనల్ని ఊహించుకోవాల్సి వస్తుంది. 1930ల్లో, 40ల్లో ఐరోపా యూదు ఇళ్ళకి తలుపు తట్టి వచ్చినవాళ్ళు కూడా కారణం చెప్పి తీసుకుపోలేదు. హాక్నీ కుర్రాడికి ఆ సంగతి బాగా తెలుసు.

ఒక మహిళ ఇవే ప్రశ్నలు వేస్తూ, ఆ ఇద్దరూ ఎవరు, స్టాన్లీ ఎక్కడివాడు, అందరూ మామూలు మనుషులేనా అని ఉత్తరం రాసిందట. పింటర్ ఆ ప్రశ్నలనే తిప్పికొట్టాడని చెప్పుకుంటారు. మీరెవరు, ఎక్కడివారు, మీరు మామూలు మనిషేనా, ఇవి చెప్తే తప్ప మీ ఉత్తరం అర్థం కాదు అని.

‘ది డంబ్ వెయిటర్’లో కెటిల్ గురించి అంతసేపు కొట్టుకోవడం ఎందుకు?

బర్మింగ్‌హామ్‌లో కిటికీ లేని నేలమాళిగ గది. బెన్, గస్ కిరాయి హంతకులు. ఎవర్ని చంపాలో కబురు వచ్చేదాకా ఎదురుచూడాలి. టీ పెట్టుకుందామనుకుంటారు. కెటిల్ వెలిగించు అంటాడు బెన్. వెలిగించేది గ్యాస్‌ని కదా, కెటిల్‌ని ఎలా వెలిగిస్తారు అంటాడు గస్. మాటా మాటా పెరిగి బెన్ అతని గొంతు పట్టుకునేదాకా వస్తుంది.

గొడవ కెటిల్ గురించి కాదు. ఇక్కడ సీనియర్ ఎవరు, ప్రశ్న వేసే హక్కు ఎవరికుంది అన్నదే గొడవ. గస్‌కి ఈమధ్య ప్రశ్నలు ఎక్కువయ్యాయి. మనం పోయాక ఆ గదులు ఎవరు శుభ్రం చేస్తారు, పైన ఎవరుంటారు, క్రితంసారి ఆ అమ్మాయి సంగతేంటి? ఇలాంటి ఉద్యోగంలో ఇన్ని ప్రశ్నలు ప్రమాదం. కాసేపయ్యాక బెన్ తనకి తెలీకుండానే గస్ మాటనే వాడేస్తాడు. గమనిస్తే అదే నాటకంలో అతి పెద్ద జోకు.

అంతలో గోడలో ఉన్న సరుకుల లిఫ్ట్ (డంబ్ వెయిటర్ అంటే అదే) ధడేల్మని దిగుతుంది. లోపల ఒక చీటీ. స్టేక్, చిప్స్, సగ్గుబియ్యం పుడ్డింగ్, టీ కావాలని ఆర్డర్. ఆ తర్వాత నోరు తిరగని గ్రీకు వంటకాలు. వీళ్ళ దగ్గరున్నవి బిస్కెట్లు, చిప్స్ పొట్లం, కాసిని పాలు. ఉన్నవన్నీ ఊడ్చి పైకి పంపుతారు! పైనున్నది ఎవరో తెలీదు, అయినా ఆర్డర్ వచ్చింది కాబట్టి పంపాలి. ఆఖరికి తలుపు తోసుకుని లోపలికి వచ్చేది గస్సే. కోటు లేదు, టై లేదు, తుపాకీ లేదు. బెన్ తుపాకీ అతని వైపే ఉంటుంది. ఇద్దరూ చూసుకుంటుండగా తెర పడుతుంది.

‘ది కేర్‌టేకర్’లో డేవిస్ సిడ్‌కప్ ఎందుకు వెళ్ళడు?

తానెవరో రుజువు చేసే కాగితాలు సిడ్‌కప్‌లో ఒకడి దగ్గర ఉన్నాయంటాడు డేవిస్. ఇచ్చి పదిహేనేళ్ళు కావస్తోంది. సిడ్‌కప్ లండన్ అంచునే ఉంది, పెద్ద దూరమేం కాదు. కానీ వాన, లేకపోతే బూట్లు సరిగా లేవు. తన గదిలో చోటిచ్చిన ఆస్టన్ బూట్లిస్తే, నల్ల బూట్లకి గోధుమరంగు తాళ్ళేంటని వంక. వెళ్తే కాగితాలు లేవని తేలిపోతుంది. వెళ్ళనంతకాలం ఉన్నట్టే.

పాపం అనుకునేలోపు డేవిస్ నోరు విప్పి పక్కింటి భారతీయ కుటుంబం మీద విషం కక్కుతాడు. నిలువ నీడలేనివాడు తనకన్నా కింద ఎవరో ఒకరు ఉండాలని వెతుక్కుంటున్నాడు. 1960 నాటి లండన్ అది. మన పాఠకులు ఈ భాగాన్ని గబగబా దాటేస్తారు, ఆగి చదవండి.

నాటకం ప్రతిలో కనిపించే మూడు చుక్కలు, పాజ్, సైలెన్స్: తేడా ఏంటి?

మూడు చుక్కలు చిన్న తడబాటు, మాట కోసం వెతుకులాట. పాజ్ అంటే నోరు ఆగింది గానీ లోపల ఆలోచన నడుస్తోంది, పోరు సాగుతూనే ఉంది. సైలెన్స్ అంటే ఒక పోరు ముగిసింది. దాని తర్వాత మాట్లాడే మనిషి వేరే మనిషి. పింటర్ నాటకాలు ఎక్కువగా దర్శకత్వం చేసిన పీటర్ హాల్, రిహార్సల్స్‌లో ఒక రోజు కేవలం ఈ చుక్కలకీ పాజ్‌లకీ కేటాయించేవాడు.

మౌనం రెండు రకాలని పింటర్ 1962లో ఒక ప్రసంగంలో అన్నాడు. మాట లేని మౌనం ఒకటి, మాటల వరద కింద దాక్కున్న మౌనం ఇంకోటి. రెండోదే ఆయన నాటకాల్లో ఎక్కువ.

‘ది హోమ్‌కమింగ్’ చదివి ఒళ్ళు మండింది. రూత్ ఎందుకలా చేస్తుంది?

మండాల్సిందే. ఆరేళ్ళ తర్వాత భర్త టెడ్డీతో అత్తవారింటికి వచ్చిన రూత్, ఆ మగాళ్ళ ఇంట్లోనే ఉండిపోవడానికి ఒప్పుకుంటుంది. వాళ్ళు ఆమెతో ఒళ్ళమ్ముకునే వ్యాపారం చేయించాలని లెక్కలేసుకుంటారు. భర్త ఒంటరిగా అమెరికా వెళ్ళిపోతాడు. ఆమె బలైందా, గెలిచిందా అని 1965 నుంచీ వాదిస్తూనే ఉన్నారు.

నా మట్టుకు కీలకం ఆ మంచినీళ్ళ గ్లాసు. మొదటి రాత్రి మరిది లెనీ ఆమెని బెదిరించడానికి, ఆడవాళ్ళని తాను కొట్టిన కథలు చెప్తాడు. తర్వాత ఆ గ్లాసు తీసేస్తానంటాడు. నువ్వు గ్లాసు తీస్తే నేను నిన్ను తీసుకుంటా అంటుంది రూత్. అంతే, అంతసేపు వాగినవాడికి ఏం చెయ్యాలో తెలీదు. ఆమె గ్లాసు ఖాళీ చేసి మేడెక్కుతుంది. చివర్లో తన షరతులు బేరమాడేటప్పుడు కూడా అదే గొంతు. అలాగని దీన్ని స్త్రీ విజయగాథగా చదవడం నాకు మింగుడు పడదు. ఆమెకి దొరికిన బేరం అంతా ఆ మగాళ్ళు గీసిన గీతల్లోదే.

‘బిట్రేయల్’ మామూలు ప్రేమకథలా ఉంది, ఇది కూడా అబ్సర్డేనా?

కాదు. 1978 నాటి ఈ నాటకం ఒక అక్రమ సంబంధాన్ని వెనకనుంచి ముందుకి చెప్తుంది. 1977లో మొదలై 1968లో, ఆ సంబంధం పుట్టిన రాత్రి ముగుస్తుంది. ఎవరికి ఎప్పుడు ఎంత తెలుసు అన్నదే ఇందులో సస్పెన్స్.

## పరీక్ష కోసం

‘కామెడీ ఆఫ్ మెనేస్’ (బెదిరింపు దాగిన హాస్యం) అన్నది ఎవరు?

పింటర్ కాదు. డేవిడ్ క్యాంప్టన్ తన నాటకం ‘ది లూనటిక్ వ్యూ’కి పెట్టుకున్న ఉపశీర్షిక అది. 1958లో విమర్శకుడు అర్వింగ్ వార్డ్‌ల్ దాన్ని తీసుకుని పింటర్‌కి అన్వయించాడు. ఈ పేరుని ఎస్లిన్‌కి అంటగట్టే నోట్స్ చాలా తిరుగుతున్నాయి, జాగ్రత్త.

‘ది బర్త్‌డే పార్టీ’ మొదట ఫ్లాపేనా?

ఘోరమైన ఫ్లాప్. 1958 మే 19న లండన్ హామర్‌స్మిత్‌లోని లిరిక్ థియేటర్‌కి వచ్చింది. పత్రికలు ఉతికి ఆరేశాయి, వారంలోనే ఎత్తేశారు. ఆ గురువారం మ్యాటినీకి ఆరుగురు వచ్చారట. నాటకం ఆగిపోయాక ఆదివారం ‘సండే టైమ్స్’లో హెరాల్డ్ హాబ్సన్ సమీక్ష వచ్చింది. లండన్ నాటకరంగంలో అంత కొత్త, కలవరపెట్టే ప్రతిభ ఇంకొకరికి లేదని దాని సారాంశం. చూడ్డానికి నాటకమే లేదు! అయినా ఆ సమీక్ష పింటర్‌ని నిలబెట్టింది. 1960లో వచ్చిన ‘ది కేర్‌టేకర్’తో డబ్బూ పేరూ రెండూ వచ్చాయి.

పింటర్‌కి రాజకీయాలు ముసలితనంలో వచ్చాయా?

బయటికి మాట్లాడటం 1980ల్లో పెరిగింది గానీ, సైన్యంలో చేరనన్న కుర్రాడికి రాజకీయాలు లేవనలేం. 1985లో అమెరికన్ నాటకకర్త ఆర్థర్ మిల్లర్‌తో కలిసి టర్కీ వెళ్ళాడు. జైళ్ళలో చిత్రహింసలు పడ్డ రచయితల్ని కలిశాడు. అమెరికా రాయబారి ఇచ్చిన విందులోనే ఆ విషయం ఎత్తి గొడవపడ్డాడు. కుర్దులకి తమ భాష మాట్లాడే హక్కు లేదని అక్కడ తెలుసుకున్నదే 1988లో ‘మౌంటెన్ లాంగ్వేజ్’ రాయడానికి పురికొల్పింది. అయితే అది ఒక్క టర్కీ గురించే కాదన్నాడు.

అరగంట కూడా పట్టని నాటకం అది. జైలు గోడ బయట మంచులో ఆడవాళ్ళు నిలబడి ఉంటారు. ఒక ముసలామె చేతిని కాపలా కుక్క కరిచింది. ఫిర్యాదు చేస్తే, ఆ కుక్క పేరేంటి అని అడుగుతాడు అధికారి. కరిచే ముందు కుక్క పేరు చెప్పి ఉండాలి, అది రూలు అంటాడు. తర్వాత ఎప్పుడో మీ భాష మాట్లాడుకోవచ్చని అనుమతి వస్తుంది. అప్పటికి ఆ తల్లి మాట్లాడదు.

స్టాన్లీని విచారించిన సన్నివేశం పక్కన ఇది పెట్టి చూడండి. ముప్పై ఏళ్ళ తేడా ఉన్నా రాసిన చెయ్యి ఒకటే. 2005లో అనారోగ్యం వల్ల స్టాక్‌హోమ్ వెళ్ళలేక వీడియోలో ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలో ఇరాక్ యుద్ధం మీద అమెరికాని, బ్రిటన్‌ని కడిగేశాడు.

బ్రిటన్‌లో ఇంకెవరు అబ్సర్డిస్టులు?

ఎన్.ఎఫ్. సింప్సన్‌ని తప్పక రాయండి. ‘వన్ వే పెండ్యులమ్’లో ఒకడు తూకం యంత్రాలకి బృందగానం నేర్పుతుంటాడు. టామ్ స్టాపర్డ్ ‘రోజెన్‌క్రాంట్జ్ అండ్ గిల్డెన్‌స్టెర్న్ ఆర్ డెడ్’ 1966లో ఎడిన్‌బరోలో మొదటిసారి ఆడింది. స్టాపర్డ్ చెకొస్లొవేకియాలో పుట్టి, యుద్ధకాలంలో మన డార్జిలింగ్‌లో బడికి వెళ్ళినవాడు. బెకెట్ ఐరిష్, ఆయన్ని బ్రిటిష్ జాబితాలో వేస్తే ఎగ్జామినర్ గుర్రుమంటాడు.

## వేదిక మీద

పాజ్ దగ్గర ఎన్ని సెకన్లు ఆగాలి?

సెకన్లు లెక్కపెట్టే నటుడు దొరికిపోతాడు. ఇప్పుడు అన్న మాటకీ తర్వాత అనబోయే మాటకీ మధ్య పాత్ర ఏం మింగేసిందో కనుక్కోండి, అది మింగడానికి పట్టినంతసేపు ఆగండి. పాజ్ కుదరకపోతే తీసెయ్యండని పింటరే నటులతో అనేవాడు. పాజ్‌లకి గంభీరమైన మొహం పెట్టి నాటకాన్ని సంతాప సభ చేసేవాళ్ళే ఎక్కువ. ఆయన నాటకాల్లో నవ్వు రావాలి. వచ్చిన నవ్వు మధ్యలో గొంతుకి అడ్డం పడాలి.

మన ప్రేక్షకులకి ఎక్కుతుందా?

పద్యానికి వన్స్ మోర్ కొట్టే అలవాటు, పరిషత్ పోటీల్లో గొంతెత్తి చెప్పే డైలాగుకి చప్పట్లు పడే అలవాటు మనది. నటుడు ఆగితే మర్చిపోయాడనుకుని తెర పక్కనుంచి ప్రాంప్టింగ్ మొదలైపోతుంది. అందుకని పెద్ద ఆడిటోరియం వద్దు. యాభై, అరవై మంది దగ్గరగా కూర్చునే గదిలో ‘ది డంబ్ వెయిటర్’ వేయండి. కథ మన ప్రేక్షకులకి కొత్తేం కాదు, పైనుంచి ఆర్డర్ వచ్చిందంటే ఎందుకని అడగకుండా పరిగెత్తే ఆఫీసులు అందరూ చూసినవే.

వేయడానికి అనుమతి కావాలా? చిన్న కాలేజీ నాటకమే కదా.

ప్రేక్షకుల్ని పిలిచి ఆడే ప్రదర్శనకి, అనువదించి వేయడానికి, మన ఊరి కథగా మార్చడానికి హక్కుదారుల అనుమతి కావాలి. మన చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, అంటే పింటర్ విషయంలో 2068 ఆఖరు దాకా. తరగతి గదిలో పాఠంలో భాగంగా చదువుకుని నటించడం వేరు. రిహార్సల్స్ మొదలయ్యాక కాదు, నాటకం ఎంచుకున్న రోజే ఉత్తరం రాయండి. జవాబుకి నెలలు పట్టొచ్చు.

చూడ్డానికి సినిమాలున్నాయా?

ఉన్నాయి. ‘ది బర్త్‌డే పార్టీ’ని 1968లో విలియం ఫ్రీడ్కిన్ తీశాడు. ‘ది హోమ్‌కమింగ్’ని ఆ పీటర్ హాల్ 1973లో తీశాడు. ‘బిట్రేయల్’ 1983లో వచ్చింది, భర్త పాత్రలో బెన్ కింగ్‌స్లీ. 1987లో రాబర్ట్ ఆల్ట్‌మన్ టీవీ కోసం తీసిన ‘ది డంబ్ వెయిటర్’లో జాన్ ట్రవోల్టా ఉన్నాడు గానీ, మోజుపడి దాంతో మొదలుపెట్టకండి. ఒక్కటే చూడగలిగితే 1963 నాటి ‘ది కేర్‌టేకర్’ చూడండి. డేవిస్‌గా వేసిన డోనాల్డ్ ప్లెజెన్స్ రంగస్థలం మీద కూడా ఆ పాత్ర వేసినవాడే. సెట్ వెయ్యకుండా హాక్నీలోనే ఒక పాడుబడ్డ ఇంట్లో తీశారు. డబ్బు దొరక్కపోతే పీటర్ సెల్లర్స్, రిచర్డ్ బర్టన్, ఎలిజబెత్ టేలర్ లాంటివాళ్ళు తలా కొంత వేసుకున్నారు.